బుంగమూతికి అర్థం కాని మాట

మిరపకాయల లారీలు వరసగా దిగే నెలల్లో గుంటూరులో ఏ దుకాణంలోకి అడుగుపెట్టినా ముందు తుమ్ము వస్తుంది. మొన్న బ్రాడీపేటలోని ఒక బొమ్మల కొట్టులోనూ అదే జరిగింది. అద్దాల తలుపు, ఏసీ చల్లదనం, అప్పుడే అట్టపెట్టెల్లోంచి తీసిన ప్లాస్టిక్ వాసన, వాటన్నిటినీ దాటుకుని ముక్కుకు తగిలే సన్నటి ఘాటు. నేను తుమ్మి, కళ్లు తుడుచుకుని, మా అక్క కూతురు హాసిని ఏ వరసలో ఉందా అని వెతుకుతుండగా ఒక గొంతు వినిపించింది. ఇనుప డబ్బాలోంచి వస్తున్నట్టు, ముక్కుతో మాట్లాడుతున్నట్టు గరగరలాడే గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. కాలేజీ వదిలాక మళ్లీ వినలేదు, మరిచిపోనూ లేదు. గొంతు అదే గాని మాట మాత్రం వేరు. "భలే చెప్పావు! నువ్వు చెప్పిందే కరెక్టు!" అంటోంది.

హాసిని చేతిలో బూడిదరంగు మరబొమ్మ ఉంది. ఉబ్బిన బుగ్గలు, అలిగినట్టు ముందుకు పొడుచుకొచ్చిన జల్లెడ నోరు, ఛాతీ మీద ఎర్రటి గుండ్రని బటన్. "ఇంకోటి చెప్పు పాపా," అని కొట్టతను ఉత్సాహపరుస్తున్నాడు.

"ఏనుగు గుడ్లు పెడుతుంది," అంది హాసిని, బటన్ నొక్కి.

"భలే చెప్పావు! నువ్వు చెప్పిందే కరెక్టు!"

పిల్ల పకపకా నవ్వింది. కొట్టతను నా వైపు తిరిగాడు. "కొత్త మోడలండీ. ఏమన్నా ఒప్పుకుంటది. పాతది గుర్తుందా మేడమ్, మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని ప్రాణం తీసేది. పిల్లలు ఏడుస్తన్నారని వాపసు తెచ్చేవాళ్లు. అందుకే మార్చేశారు."

"ఆ బొమ్మ ఉన్నదే ఆ మాట కోసం గదండీ," అన్నాను.

"అయ్యుండొచ్చు. ఒప్పుకునే బొమ్మే అమ్ముడవుద్ది," అన్నాడతను, ఇందులో వాదించడానికేముందన్నట్టు.

నిజమే, అందులో వాదించడానికేమీ లేదు. అతను చెప్పిన సత్యం నాకు కాలేజీ రోజుల్లోనే తెలిసింది. దాన్ని నాకు తెలియజేసినవారు ఆంజనేయులు మాస్టారు. తెలియజేయాలని ఆయన అనుకోలేదు. అనుకుని నేర్పినవి వేరే ఉన్నాయి. ఆయన్ని ఎరగనివారి కోసం ఆ రెండింటి గురించీ రాయాలని కూర్చున్నాను.

ముందు బొమ్మ సంగతి చెప్పాలి. మా చిన్నతనంలో ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో తరచుగా వచ్చిన ఒక పరదేశపు సినిమా తెలుగు అనువాదంలోది ఆ మరమనిషి. అసలు సినిమాలో దాని పేరు ఏవో అక్షరాలూ అంకెలూ. అవి ఎవరికీ నోరు తిరక్క, దాని మొహం చూసి పిల్లలందరం బుంగమూతి అని పిలుచుకున్నాం. ఎక్కడో గ్రహాల మధ్య తిరిగే ఓడలో అది పనివాడు. చెప్పిన పని చేస్తుంది, అర్థం కాకపోతే అడుగుతుంది, అంతకుమించి తెలివి లేదు. ఒక దృశ్యంలో ఓడలో గాలి తరిగిపోతుంది. జబ్బుపడి పడుకున్న ఒక మనిషిని వదిలేస్తే మిగతావాళ్లకు సరిపోతుంది. కెప్టెన్ గంభీరంగా ఆజ్ఞ ఇస్తాడు. సమష్టి శ్రేయస్సు, అనివార్యమైన త్యాగం, వనరుల సర్దుబాటు అంటూ ఏమేమో మాట్లాడతాడు. బుంగమూతి తల పక్కకు వంచి, "నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పు," అంటుంది. కెప్టెన్ ఇంకొంచెం కుదించి చెబుతాడు. మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి ఆయన నోటి నుంచి ఒక్క చిన్న వాక్యం వస్తుంది: "వాణ్ణి చంపెయ్." తన మాట తనకే వినిపించి కెప్టెన్ గోడకు జారగిలబడిపోతాడు. చిన్నప్పుడు ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా మేం బుంగమూతి తల వంచడం చూసి నవ్వేవాళ్లం. అక్కడ నవ్వవలసింది ఏమీ లేదని నాకు చెప్పినవారు మాస్టారే.

సినిమా తర్వాత బొమ్మలొచ్చాయి. పెద్ద కొట్లలో అమ్మినవి నిఖార్సయినవి. తిరునాళ్లలో తాటాకు పందిళ్ల కింద అమ్మినవి వాటి నకళ్లు, ఒకదానికి బుగ్గలుంటే ఇంకొకదానికి నోరుండేది కాదు. మాటలు మాత్రం అన్నిటికీ ఉండేవి. మాట పోయిన బొమ్మల్ని మా పక్క ఊళ్లలో పారేసేవాళ్లు కాదు. ఆ ఉబ్బిన మొహం చూస్తే దిష్టి ఆగుతుందని కట్టే ఇళ్లకీ, చేలగట్లకీ వేలాడదీసేవాళ్లు. మాస్టారి దగ్గరున్నది కోటప్పకొండ తిరునాళ్లలో తన కూతురి కోసం కొన్న నకలు. ఆ పిల్ల దాని గొంతుకు దడుచుకుని మంచం కిందకి విసిరేస్తే, ఆయన కాలేజీకి తెచ్చుకున్నారు.

గుంటూరు శివారులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన రాజనీతి శాస్త్రం చెప్పేవారు, చర్చా పోటీలకు విద్యార్థుల్ని తయారుచేసేవారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. గొంతు తొందరగా జీరబోయేది, అందుకని ఎప్పుడూ బుగ్గన లవంగం. చొక్కా జేబులో పెన్నుతో పాటు బొమ్మకి వెయ్యడానికి సెల్లు ఉండేవి. మా చర్చల గది పాత భవనం పైన, కెమిస్ట్రీ ల్యాబు పక్కన. మధ్యలో పొడుగాటి బల్ల, బల్ల మీద బుంగమూతి. బటన్ మీది ఎరుపు ఆయన బొటనవేలి ఒరిపిడికి పోయి, తెల్లటి మచ్చ తేలింది.

మొదటి సంవత్సరంలో నేను ఆ గదిలోకి వెళ్లిన రోజు రైతు గురించి మాట్లాడమన్నారు. దర్శి దగ్గర పల్లెటూరి రైతు కూతుర్ని, స్కూల్లో ఉపన్యాసాలకు బహుమతులు తెచ్చుకున్నదాన్ని. రెచ్చిపోయాను. అన్నదాత చెమటచుక్కల్లో సూర్యోదయాలు మెరుస్తాయన్నాను. నాగటిచాలు చరిత్రకు తొలి వాక్యమన్నాను. చప్పట్ల కోసం ఆగాను. మాస్టారు బొమ్మను దగ్గరకు జరుపుకుని బటన్ నొక్కారు.

"నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పు."

గదంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "ఆ సూర్యోదయాలు ఏ షాపులో కొన్నావే?" అంది. ఆమె షాహిన. నరసరావుపేటలో దూది ఏకి పరుపులు కుట్టే వాళ్ల అమ్మాయి. ఆ తర్వాత మూడేళ్లూ నా జట్టు, ఇవాళ్టికీ నా స్నేహితురాలు.

నేను గొంతు సవరించుకుని, "రైతు కష్టానికి తగిన ప్రతిఫలం అందని వ్యవస్థలో మనం జీవిస్తున్నాం," అన్నాను. బొమ్మ మళ్లీ అదే మాట అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంగా అన్నాను: "మా నాన్న మిరపకాయలు పండిస్తాడు. యార్డులో వాటి ధర ఆయన చెప్పడు. కొనేవాడు చెబుతాడు."

మాస్టారు బటన్ మీద నుంచి వేలు తీసేశారు. "ఇదమ్మా, నీకు తెలిసింది. ఇందాకటిదంతా నువ్వెక్కడో విన్నది. ఇక కూర్చో."

ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో తర్కం గురించి చాలా ఉంది. ఆ ఒక్క గంటలో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. మనిషి భయపడినప్పుడూ, దాచినప్పుడూ, తనకే నమ్మకం లేనప్పుడూ వాక్యం పొడుగవుతుందని ఆయన చెప్పేవారు. "మొదటిసారి అడిగితే అలంకారం రాలిపోద్ది. రెండోసారి అడిగితే సాకు రాలిపోద్ది. మూడోసారి మిగిలేదేదో దాని మీద వాదించండి," అనేవారు. ఎదుటివాడి మీద గట్టిగా అరవడం చేతగానితనమని ఆయన అభిప్రాయం. మెల్లగా, మర్యాదగా మళ్లీ చెప్పమని అడిగితే చాలు, అరవవలసిన పని వాడికే పడుతుందనేవారు.

ఆ గదికి ఒక నియమం ఉండేది. బొమ్మ ఎప్పుడూ బల్లకు సరిగ్గా మధ్యలో ఉండాలి. "నా చేతికెంత దూరమో మీ చేతికీ అంతే దూరం. నేను సొల్లు చెబితే మీరు నొక్కొచ్చు," అన్నారాయన. మేం నమ్మలేదు. రెండో సంవత్సరంలో ఒంగోలులో పెద్ద పోటీ వచ్చింది. ఆడపిల్లల జట్టును పంపడం లేదని మాస్టారు వచ్చి చెప్పారు. ప్రయాణపు ఇబ్బందులు, బస వసతి, తల్లిదండ్రుల మనోభావాలు అంటూ మొదలుపెట్టారు. షాహిన నా మోకాలు గిల్లి, "చూస్తా ఉండు," అని, చెయ్యి చాపి బటన్ నొక్కింది.

"నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పు."

మాస్టారు ఒక్క క్షణం ఆమె వైపు చూసి, "పరిపాలనాపరమైన కారణాల వల్ల..." అన్నారు. షాహిన మళ్లీ నొక్కింది. ఆయన లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నారు. "ప్రిన్సిపాల్ గారు వద్దన్నారు. ఎందుకని నేను అడగలా. భయపడ్డాను," అన్నారు. అని, లేచి, చెప్పులు టపటపలాడించుకుంటూ కిందకి వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చి, "బట్టలు సర్దుకోండి," అన్నారు. ఒంగోలులో మేం గెలిచామా ఓడామా అన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. తన విద్యార్థుల ముందు భయపడ్డానని చెప్పగలిగిన మనిషిని నేను మొదటిసారి చూశాను. మా ఇంట్లో గాని, బళ్లో గాని, ఊరి పెద్దల్లో గాని అలాంటివాళ్లు లేరు. ఆ సాయంత్రం నుంచి ఆయన నాకు మాస్టారు మాత్రమే కాదు, మనిషి ఎలా ఉండాలి అనే ప్రశ్నకు జవాబు కూడా. ఒక మనిషిని అలా జవాబుగా పెట్టుకోవడంలో ఉన్న ప్రమాదం అప్పటికి నాకు తెలియదు.

చివరి సంవత్సరంలో మా నాన్న వేసిన మిరప విత్తనం మా కాలేజీ ఛైర్మన్ గారి కంపెనీది. ఛైర్మన్ గారికి కాలేజీ ఒక వ్యాపారం, కోల్డ్ స్టోరేజీలు ఒకటి, విత్తనాలు ఇంకొకటి. మా ఊళ్లో చాలామంది అదే వేశారు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి, ఆకు నిగనిగలాడింది, పూత కూడా వచ్చింది. కాపు రాలేదు. కంపెనీ వాళ్లకు కబురు పెడితే, మీకు సేద్యం చెయ్యడం రాదని ఫోన్‌లోనే తేల్చేశారు. ఎవరైనా వచ్చి కళ్లతో చూస్తే తప్ప ఆ మాట పోదని, ఊరివాళ్లు చేను పీకకుండా నీళ్లు పెడుతూ నిలబెట్టారు. చేను ఉంటేనే సాక్ష్యం. పీకేస్తే అక్కడేం పెరిగిందో, ఏం కాయలేదో చెప్పేవాళ్లుండరు. పీకకుండా ఉంచితే మరో పంట వేసే అదను పోతుంది. వాళ్లు ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉన్నారు.

ఆ సంగతి నేను చర్చల గదిలో చెప్పినప్పుడు మాస్టారు బొమ్మ జోలికి పోలేదు. "పద, చూద్దాం," అన్నారు. ఒక ఆదివారం షాహిన, నేను, ఆయన దర్శి బస్సెక్కాం. చేలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, మొక్క తర్వాత మొక్క కొమ్మలు విప్పి చూశారు. గట్టున వేపకర్రకు ఒక బుంగమూతి వేలాడుతోంది. నా చిన్నప్పటిది. ఎండకు బూడిదరంగు తెల్లబడి, ఒక బుగ్గ సొట్టపోయింది. మాస్టారు దాన్ని చూసి నవ్వారు. "ఇదేంటి, మావాడు ఇక్కడా ఉద్యోగం చేస్తన్నాడే!"

"మా పిల్లదే సార్," అన్నాడు నాన్న. "మాటబోయింది. ఊరికే కూర్చోబెట్టి మేపడమెందుకని కాపలాకి పెట్టా. దిష్టి బయటినుంచి వస్తదనుకున్నా సార్. విత్తనాల సంచిలోనే వచ్చింది."

షాహిన ఫక్కుమంది, వెంటనే నోరు మూసుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మేం చెబితే, మీకు సేద్యం రాదంటన్నారు సార్. పుట్టినకాడినుంచీ చేసేది ఇదే. మీరు చదువుకున్నోళ్లు, కళ్లారా చూశారు. ఆ కంపెనీ ఆయన మీ కాలేజీకి వస్తాడంట గదా. ఒక్క మాట అడగండి. మనిషిని పంపి చూడమనండి చాలు."

మాస్టారు నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "మీ అమ్మాయి అడుగుద్ది. నేను పక్కనే ఉంటాను."

వార్షికోత్సవం నాడు ఛైర్మన్ గారు విద్యార్థులతో ముఖాముఖి పెట్టుకున్నారు. నిర్వహణ మాస్టారిది. బుంగమూతి సంగతి ఎవరు చెప్పారో గాని, దాన్ని కూడా వేదిక మీద పెట్టమని ఛైర్మన్ గారే అడిగారట. ఫోటోలు బాగా వస్తాయని. చర్చల గది దాటి బొమ్మ బయటకు రావడం అదే మొదలు. పూలదండల మధ్య, నీళ్ల సీసాల పక్కన, మాస్టారి చేతికి అందేంత దూరంలో కూర్చుంది. ఛైర్మన్ గారు దాని బుగ్గ గిల్లి, "ఇదేనా మీ పిల్లల్ని హడలగొట్టేది?" అంటే హాలంతా నవ్వింది.

నా వంతు వచ్చింది. ముందురోజు సాయంత్రం మాస్టారి ముందే ఆ ప్రశ్నను మూడుసార్లు చెప్పి, అలంకారమూ సాకూ రాల్చేసి పెట్టుకున్నాను. "అయ్యా, మీ కంపెనీ మిరప విత్తనం వేసిన చేలల్లో మొక్క పెరిగింది, కాపు రాలేదు. దర్శి పక్కన మా ఊళ్లో చేను ఇంకా పీకకుండా ఉంచారు. మీ మనుషులు వచ్చి చూస్తారా, చూడరా?"

ఛైర్మన్ గారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆయన చప్పట్లు కొట్టారు. "శభాష్! ఇట్టాంటి ఆడపిల్లలే కావాలి మనకి," అన్నారు. తర్వాత మారుతున్న వాతావరణం గురించి మాట్లాడారు. తెగుళ్ల గురించి, ప్రయోగశాలల గురించి, తాను కూడా రైతుబిడ్డనేనని, ఈ కాలేజీ, ఆ కంపెనీ, రైతులు, అందరం ఒకే కుటుంబమని, కుటుంబంలో మాటలు కుటుంబంలోనే మాట్లాడుకోవాలని. చాలాసేపు మాట్లాడారు. వస్తారో రారో ఆ మాటల్లో ఎక్కడా లేదు. చివర్న నవ్వుతూ పక్కకు తిరిగారు. "ఏం మాస్టారూ? మీ బుంగమూతి ఏమంటది? అర్థమైందంటదా?"

హాలు మళ్లీ నవ్వింది. అందరి కళ్లూ మాస్టారి చేతి మీదే. మా గదిలో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు, తర్వాత ఏం జరగాలో. షాహిన నా పక్కన గుసగుసగా, "నొక్కండి సార్, నొక్కండి," అంటోంది. ఆయన బొమ్మను దగ్గరకు తీసుకున్నారు. బొటనవేలు ఆ తెల్లమచ్చ మీద ఆనింది. అక్కడే ఉంది. తర్వాత ఆయన బొమ్మను మెల్లగా వెల్లకిలా తిప్పి, దాని అడుగున ఉండే చిన్న స్విచ్ కట్టేశారు. ముందున్న మైకులోంచి ఆ చప్పుడు హాలంతా వినిపించింది. టక్.

"అర్థమైందండీ," అన్నారు మాస్టారు. ఆపైన నా వైపు చూడకుండా, "అర్థమైంది. కూర్చో అమ్మా," అన్నారు.

"నాకు అర్థం కాలేదు మాస్టారూ. మళ్లీ చెప్పమనండి," అన్నాను. కాని అప్పటికే నా చేతిలో మైకు లేదు. ముందు వరసల వాళ్లకు తప్ప ఆ మాట ఎవరికీ వినిపించలేదు. చప్పట్లు మొదలయ్యాయి. మా నాన్నకిచ్చిన మాట ఆయన తప్పలేదు. నిజంగానే పక్కనే ఉన్నారు.

మర్నాడు చర్చల గదికి వెళ్లాను. బల్ల మధ్య ఖాళీగా ఉంది. మాస్టారు కిటికీ దగ్గర ఏదో పుస్తకం తిరగేస్తున్నారు. నేను కూర్చోలేదు. ఎందుకలా చేశారని అడిగాను.

"అమ్మాయ్, సభా మర్యాద అని ఒకటుంటుంది," అన్నారు. "వేదికను బట్టి, సందర్భాన్ని బట్టి, ఎదుటి వ్యక్తి స్థాయిని బట్టి ప్రశ్న రూపం మారుతుంది. సంస్థలో ఉంటూ సంస్థను ప్రశ్నించడానికి కొన్ని మార్గాలుంటాయి. నీ భవిష్యత్తు కూడా నేను ఆలోచించాలి గదా..."

ఆయన నోట అంత పొడుగు వాక్యాలు నేనెప్పుడూ వినలేదు. బొమ్మ లేదు గనక నా నోటితోనే అన్నాను. "నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

ఆయన ఉలిక్కిపడ్డారు. పుస్తకం మూసేశారు. "నీ సర్టిఫికెట్లు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. నా ఉద్యోగం వాళ్ల చేతుల్లో ఉంది. ఈ సంవత్సరం పర్మనెంట్ చేస్తామన్నారు."

"నాకు అర్థం కాలేదు మాస్టారూ. మళ్లీ చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. ఆ వాక్యం అక్కడిదాకా వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకుని, గోడ గడియారం వైపు చూశారు. "క్లాసుకి టైమైంది," అని వెళ్లిపోయారు. ఆ గంటలో ఆయనకు క్లాసు లేదని మా ఇద్దరికీ తెలుసు.

మా ఊరికి ఎవరూ రాలేదు. కొన్నాళ్లు చూసి నాన్న చేను పీకేశాడు. పీకిన మొక్కలన్నీ గట్టు మీద పోగేసి తగలబెట్టాడు. వేపకర్రకున్న బుంగమూతిని ఆ మంటలో వేస్తాడేమో అనుకున్నాను. వెయ్యలేదు. "దాని తప్పేముంది, దానికి మాటే లేదు," అన్నాడు. ఆ తర్వాత, అప్పుడే తట్టినట్టు, "మీ మాస్టారు మంచోడేనమ్మా. ఏదో ఇబ్బంది ఉండుంటది," అన్నాడు. నాన్న ఎంత తేలిగ్గా క్షమించాడో చూసి నాకు నాన్న మీద కూడా కోపం వచ్చింది.

చర్చలో ఎదుటి పక్షం వాదనను మనమే ముందు తయారుచేసుకోవాలని మాస్టారే నేర్పారు. కాబట్టి ఆయన పక్షాన నేను చాలాసార్లు వాదించాను. ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఎదుగుతున్న కూతురు. బొమ్మ నొక్కితే ఛైర్మన్ మనసు మారుతుందా? మారదు. చేను చూడటానికి మనిషి వస్తాడా? రాడు. ఒక నిష్ఫలమైన ధైర్యం కోసం ఒక కుటుంబం రోడ్డున పడాలా? ఈ వాదన బలమైనది. ఏ వేదిక మీదైనా గెలుస్తుంది. నా మనసులో కూడా ప్రతిసారీ గెలుస్తుంది. గెలిచాక కూడా చేదు తగ్గదు. ఎందుకని ఆలోచించాను. ఆయన నొక్కనందుకు నాకు అంత బాధ లేదు. నొక్కలేని మనుషుల మధ్యనే పుట్టి పెరిగినదాన్ని. మూడోసారి అడిగినప్పుడు చెప్పలేదు, అదీ నా బాధ. ఒంగోలు ప్రయాణం లాంటి చిన్న విషయంలో "భయపడ్డాను" అని అంత తేలిగ్గా చెప్పిన మనిషి, నిజంగా భయపడిన రోజున ఆ మాట చెప్పలేకపోయారు. చిన్న భయాలు ఒప్పుకోవడం పెద్దమనిషితనంలాగా కనిపిస్తుంది. పెద్ద భయం ఒప్పుకుంటే మనిషే మిగలడేమోనని అనుమానం. ఆయన ఆ ఒక్క మాట అనివుంటే, నేను ఆయన కాళ్లకు దండం పెట్టి బయటకు వచ్చేదాన్ని.

ఆయన పర్మనెంటయ్యారు. తర్వాత వైస్ ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. కాలేజీ తుళ్లూరు వైపు కొత్త భవనాల్లోకి మారినప్పుడు గేటు దగ్గర మనిషి కంటే ఎత్తున ఒక బుంగమూతిని నిలబెట్టారు. ఫైబరు బొమ్మ. ఎవరు వచ్చినా కళ్లు వెలిగించి, "స్వాగతం, సుస్వాగతం," అంటుంది. దానికి బటన్ లేదు. అది పెట్టిన రోజు పేపరులో వచ్చిన ఫోటోలో మాస్టారు దాని పక్కనే నిలబడి ఉన్నారు. మొహం చూసి ఏమనుకుంటున్నారో చెప్పలేం. నేను చాలాసేపు చూశాను.

పోయిన వానాకాలంలో షాహిన ఫోన్ చేసింది. "ఒసే, మాస్టారు పోయారే," అంది. ఇద్దరం సంతాప సభకు వెళ్లాం. తడిసిన గొడుగులతో, వేలాడే మొహాలతో వస్తున్నవాళ్లందరికీ గేటు దగ్గరి బుంగమూతి స్వాగతం చెబుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు ఆయన విలువలకు కట్టుబడిన మహోన్నత ఆచార్యుడన్నారు, నిర్భీతికి నిలువెత్తు రూపమన్నారు. షాహిన నా చెవి దగ్గరికి వంగి, "పాత బొమ్మ ఉంటే ఒక్కొక్కడికీ మూడేసి సార్లు నొక్కేదాన్ని," అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ పాత బొమ్మ ఏమైందో ఆయన భార్యకూ తెలియదట. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో, ఆ రోజు నాకూ స్పష్టంగా తెలియదు.

ఇప్పుడు నేను గుంటూరు కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్ లాయర్ని. ఎదుటి పక్షం సాక్షి వాక్యాలు పొడుగవడం మొదలుపెట్టగానే నా కుడి బొటనవేలు దానంతటదే చూపుడువేలి పక్కన నొక్కుకుంటుంది. మెల్లగా, మర్యాదగా, "నాకు అర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి," అంటాను. మా సీనియర్ గారు ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఒకసారి అడిగారు. "ఒక మాస్టారి దగ్గర," అన్నాను. అంతకుమించి చెప్పలేదు. నేను సొంతంగా ఏదైనా తప్పించుకోబోయినప్పుడు, నాలో నేనే పొడుగు వాక్యాలు అల్లుకునేటప్పుడు కూడా ఆ వేలు నొక్కుకుంటుంది. ఆయన ఇచ్చినదే అది. ఆయన్ని నేను తూచేది కూడా దానితోనే. వేరే తూకం నాకు ఎవరూ ఇవ్వలేదు.

మొన్న ఆ కొట్టులో హాసిని కొత్త బుంగమూతిని వదల్లేదు. కొనక తప్పలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే పిల్ల బొమ్మను ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"పిన్నీ, ఏడుస్తన్నావా?"

"మిరపఘాటు బంగారం."

"ఇక్కడ లేదుగా ఘాటు?"

"పెద్దవాళ్లయ్యాక కొన్ని జ్ఞాపకాలుంటాయి. ఏదన్నా వస్తువు చూసినప్పుడు అవన్నీ ఒక్కసారిగా..."

"నాకర్థం కాలా. మళ్లీ చెప్పు."

నేను తలెత్తి చూశాను. ఆ పిల్ల పాత బొమ్మను ఎన్నడూ చూడలేదు. ఆ సినిమా కూడా చూడలేదు. తల పక్కకు వంచి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"మా కాలేజీలో ఇట్టాంటి బొమ్మే ఉండేది. దాన్ని తెచ్చిన మాస్టారు గుర్తొచ్చారు," అన్నాను.

"గుర్తొస్తే ఏడుపెందుకు? నాకర్థం కాలా."

"ఆ మాస్టారంటే నాకు చాలా ఇష్టం," అన్నాను. "ఆయన భయపడ్డారు. నేనింకా క్షమించలా."

ఆటో గుంతలో పడి ఎగిరింది. పిల్ల బొమ్మను పొట్టకు అదుముకుంది, బటన్ నొక్కుకుపోయింది.

"భలే చెప్పావు! నువ్వు చెప్పిందే కరెక్టు!"

ఆ బటన్ ఇరుక్కుపోయినట్టుంది, బొమ్మ ఆగలేదు. నా చెయ్యి దాని అడుక్కి పోయింది. స్విచ్ వేలికి తగిలింది. మైకులోంచి హాలంతా వినిపించిన ఆ చిన్న చప్పుడు గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇల్లు చేరేదాకా అది నాతో ఒప్పుకుంటూనే ఉంది.